ఏసోబు పగలగొట్టిన గ్రహం

"కొట్టమన్నారు. కొట్టాను. ఇంకేం చెప్పమంటావు?"

"కొట్టమంటే కొట్టేయడమేనాండీ? అదేవన్నా చేపల పెట్టెలో వేసే ఐసా? పిల్ల తిండి మానేసి చేసుకున్న బొమ్మండీ అది!"

"మెల్లిగా మాట్లాడు. పక్కింట్లో తోమా ఉన్నాడు."

"ఉండనీండి. బడిలో ఊరంతా చూసింది. తోమా ఒక్కడు వింటే పోయేదేవుంది? చందమామని తీసుకెళ్లి నిమ్మకాయ నీళ్లలో పడేసిన మొగోడు ఈ ఆకివీడులో మీరొక్కరేనండీ."

ఆ తోమాని నేనే. మా ఇంటికీ ఏసోబు బాబాయ్ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క తాటాకు దడి. అవతల ఎవరు దగ్గినా ఇవతల వినిపిస్తుంది. హన్నమ్మ పిన్ని మొగుణ్ణి ఎంత తిట్టినా అండీ అనడం మానదు. ఆ సాయంత్రం ఆ అండీలు చెంపదెబ్బల్లా పడ్డాయి. వాళ్లమ్మాయి శాలిని కూడా ఇంట్లోనే ఉంది. బడి నుంచి తండ్రినీ కూతుర్నీ నా ట్రాలీ ఆటోలో తీసుకొచ్చి దింపింది నేనే. దారంతా ఇద్దరూ చెరో పక్కకి తిరిగి కూర్చున్నారు. మధ్యలో ఖాళీ చెక్కపెట్టె గతుకుల్లో ఎగిరెగిరి పడింది.

ఏసోబు పేపర్లో పడే మనిషి కాడు. మా చర్చిలో ఆయన పేరు పైకి చదివే సందర్భం కూడా ఎప్పుడూ రాలేదు. కొల్లేరు లంకల్లో పుట్టాడు. ఓ ఏడు వరద వచ్చి గుడిసె పోతే తండ్రి వెంట ఆకివీడు వచ్చి, మీసాలు రాకముందే ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. అప్పటి నుంచీ అక్కడే. ఉప్పునీళ్ల ట్యాంకులో వరసగా దించిన ఇనప క్యాన్లలో నీళ్లు గడ్డకడతాయి. ఆ క్యాన్లు పైకి లాగి, దిమ్మలు దింపి, కొక్కెంతో ఈడ్చి లారీ దగ్గరికి చేర్చడం ఆయన పని. ఈడ్చీ ఈడ్చీ మనిషి ఒక పక్కకి ఒరిగిపోయాడు. వేళ్ల చివర్లు ఉప్పుకి పాలిపోయి పగుళ్లు తేలాయి. ఎండాకాలంలో కూడా ఆయన చేతులు చల్లగానే ఉంటాయి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఒకరికొకరు చెయ్యి కలుపుకుంటారు కదా, ఈయన మాత్రం తుండుగుడ్డ కింద చేతులు దాచుకుని దూరం నుంచే వందనాలండీ అని తప్పుకుంటాడు.

ఆయన నోట ఎక్కువగా వచ్చే మాట, అలాగేనండీ.

ఫ్యాక్టరీ యజమాని బంగార్రాజు గారు. ఆయన చెడ్డవాడని నేను రాయను. జీతం టైముకిస్తాడు, తాగొచ్చి తిట్టడు. కాకపోతే ఆయన కుర్చీలోంచి లేవడు. చేపల వ్యాపారులు ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చోగానే, "ఏసోబూ, ఐసు!" అని ఒక్క కేక వేస్తాడు. ఆ కేక పూర్తయ్యేలోపే ట్యాంకు వైపు నుంచి ఇనప చువ్వతో ఐసు కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ మరుక్షణం గ్లాసుల్లో ముక్కలు పడతాయి. ఓ కైకలూరు వ్యాపారి అంటూ ఉండేవాడు: "మీ ఏసోబుకి చెవి నుంచి చేతికి డైరెక్టు లైనండీ. మధ్యలో తలకాయ అడ్డం రాదు." అందరూ నవ్వేవారు. ఏసోబు కూడా నవ్వేవాడు. ఫ్యాక్టరీకి ఐసు లోడు కోసం వెళ్లినప్పుడు నేనూ ఆ నవ్వు చూశాను. నాకు ఒళ్లు మండేది.

కిందటేడు కొల్లేరులో సర్కారు వాళ్లు చేపల చెరువుల గట్లు కొట్టేశాక ఐసు కోసం వచ్చే లారీలు తగ్గిపోయాయి. ఫ్యాక్టరీలో సగం మందిని రావద్దన్నారు. ఏసోబుని ఉంచారు. ఉంచారన్న విశ్వాసంతో ఆయన ఇంకాస్త వంగాడు.

శాలిని మిషను బడిలో తొమ్మిదో తరగతి. ఈ ఏడు, అంటే రెండువేల ఏడు చలికాలం మొదట్లో, బడిలో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. గెలిచినవాళ్లు ఏలూరులో జిల్లా ఎగ్జిబిషన్‌కి వెళ్తారు. మిగతా పిల్లలు గాలిమర, అగ్నిపర్వతం, గోబర్ గ్యాస్ అంటుంటే శాలిని ఏరిస్ అంది. రెండేళ్ల కిందట పదో గ్రహం దొరికిందని పేపర్లన్నీ గోల చేశాయి, అదే ఇది. ప్లూటోకి కూడా అవతల, ఎక్కడో చీకట్లో తిరిగే తెల్లటి మంచు ముద్ద. దాని చుట్టూ ఒక చిన్న చందమామ. ఏడాది తిరిగేసరికి పెద్దలంతా కూర్చుని ఇది గ్రహం కాదు, మరుగుజ్జు గ్రహం అని తేల్చేశారు. అదే ఊపులో ప్లూటోని కూడా తీసేశారు.

సైన్సు చెప్పే సిల్వియా టీచరు గారు అడిగారట: "లెక్కలోంచి తీసేసినదాన్ని ఎందుకమ్మా పట్టుకున్నావు?"

"అదంతా మంచేనంటండీ. అందరూ థర్మాకోలుతో చేస్తారండీ. మా నాన్నగారైతే నిజం ఐసుతో చేసిపెడతారండీ."

ఈ మాట బాబాయ్‌కి తెలిసిన రోజున దడి దగ్గరికొచ్చి నన్ను పిలిచి మరీ చెప్పాడు. "ఒరే తోమా, మా పాప టీచరు గారి దగ్గర నా మాట ఎత్తిందంట. మా నాన్నగారైతే అందంట." అంతకుమించి చెప్పడానికి ఏమీ లేక, దడి మీద ఎండబెట్టిన తువ్వాలు ఊరికే తీసి దులిపి మళ్లీ వేశాడు.

బంగార్రాజు గారిని అడిగాడు. ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, "చేసుకో, నీళ్లే కదా" అన్నాడు. ఆ మాట అన్నట్టు ఆయనకి ఆ క్షణం తరవాత గుర్తుండి ఉండదు.

రెండు మూకుళ్లు, ఒకటి ఇంట్లోది, దానికి జోడీ మా వీధి చివర పాపాయమ్మ గారింట్లో అడిగి తెచ్చింది, వాటిలో నీళ్లు పోసి క్యాన్ల వరసలో దించాడు. మొదటిసారి ట్యాంకులో ఉప్పునీళ్లు చిమ్మి, గడ్డకట్టక నుజ్జునుజ్జయింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. క్యాన్లలోకి గాలి వదిలే గొట్టం ఒకటుంటుంది. గాలి ఆడితే ఐసు అద్దంలా వస్తుంది, ఆపేస్తే పాలలా తెల్లగా వస్తుంది. "ఎలా కావాలమ్మా?" అని అడిగితే, శాలిని పాలలా కావాలంది. రెండు సగాల మీదా చన్నీళ్లు చిలకరించి అదిమిపట్టి అతికించాడు. అతుకు కనపడకుండా అరచేతులతో రుద్దాడు. శాలిని పక్కన ఊక బస్తా మీద కూర్చుని చార్టులో రాయాల్సింది ఆయనకి చదివి వినిపించేది. ఐసు కోసం వెళ్లిన నేను అక్కడే నిలబడిపోయాను.

"నాన్నా, ఈ చిన్నది తిరిగే తీరు చూసే పెద్దదాని బరువు కట్టారంట."

"తక్కెడ లేకుండానా?"

"లేకుండానే. చిన్నది దాని చుట్టూ తిరిగి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో చూస్తే చాలంట."

బాబాయ్ రుద్దడం ఆపాడు. "అయితే చిన్నది లేకపోతే పెద్దదాని బరువు ఎవరికీ తెలీదా?"

"అంత బాగా తెలీదు నాన్నా. ఇంకొంచెం రుద్దు, అక్కడ గీత కనపడతంది."

చందమామ కోసం రబ్బరు బంతికి చిల్లు పెట్టి నీళ్లు నింపారు. గడ్డకట్టాక బంతి కోసేస్తే నున్నటి చిన్న గుండు బయటపడింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని బాబాయ్ హన్నమ్మ పిన్నికి చూపించడానికి ఇంటిదాకా పరిగెత్తాడు, మళ్లీ కరుగుతుందని వెనక్కి పరిగెత్తాడు. ఆయన పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు.

ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే ఊక నింపిన చెక్కపెట్టెలో గోనెసంచి చుట్టి రెండిట్నీ పడుకోబెట్టి, నా ఆటోలో బడికి తీసుకెళ్లాం. ఏలూరు నుంచి జడ్జీలు రావాలి. వాళ్లు ఆలస్యం. శాలిని తనకిచ్చిన తరగతి గదిలో చార్టు, తీగతో చేసిన స్టాండు, కింద పళ్లెం సర్దుకుంది. "జడ్జీలు మా గుమ్మం దాకా వచ్చాక తియ్యి నాన్నా. ముందు తీస్తే కారిపోతది" అని చెప్పి లోపలికి పోయింది. బాబాయ్ వరండాలో పెట్టె మీద కూర్చున్నాడు. ఉతికిన చొక్కా, నూనె పెట్టి దువ్విన తల. పెట్టె మీద ఎవరో చెయ్యి వేయబోతే, "మా పాపదండీ" అని అడ్డం పెట్టాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను.

ఆ రోజు ముఖ్య అతిథి బంగార్రాజు గారే. బడికి ఫ్యాన్లు ఇచ్చాడు మరి. కరెంటు పొద్దున్నుంచీ లేదు కాబట్టి ఆ ఫ్యాన్లు తిరగలేదు. పేరుకే చలికాలం, ఆ ఉక్కకి షామియానా కింద పెద్దలంతా విసురుకుంటూ కూర్చున్నారు. నిమ్మకాయ నీళ్ల జగ్గులు వచ్చాయి. ఎవరో తాగి, గోరువెచ్చగా ఉన్నాయని మొహం చిట్లించారు. బంగార్రాజు గారు చుట్టూ చూశాడు. వరండాలో తన మనిషి కనపడ్డాడు.

"ఏసోబూ! ఇక్కడే ఉన్నావా? ఐసు!"

నేను వరండాకి ఎదురుగా ఆటో సీట్లోనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. కానీ జరుగుతున్నదేమిటో నా తలకెక్కేలోపే అయిపోయింది. బాబాయ్ లేచాడు. పెట్టె మూత తీశాడు. ఊక తోశాడు. మొలలో ఎప్పుడూ ఉండే చువ్వ తీసి ఒక్క పోటు పొడిచాడు. అతుకు దగ్గర అది పుచ్చకాయలా రెండుగా విడిపోయింది. గోనెసంచిలో మూటగట్టి టపటపా కొట్టాడు. కుళాయి కింద ముక్కలు కడిగి జగ్గుల్లో వేశాడు. చందమామని కొట్టాల్సిన పని లేకపోయింది, సరిగ్గా జగ్గు మూతికి సరిపోయింది. రెండు చేతులతో జగ్గు పట్టుకుని పెద్దల ముందు వంగి, బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో శాలిని నిలబడి ఉంది.

ఆ పిల్ల అరవలేదు. ఏడవలేదు. జగ్గు వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. అప్పటికిగానీ ఆయనకి తెలివి రాలేదు. తన చేతులు రెండూ మొహం ముందుకి తెచ్చుకుని, ఇవెవరివి అన్నట్టు చూసుకున్నాడు. తరవాత గబగబా వెనక్కెళ్లి జగ్గులో చెయ్యి పెట్టబోయాడు.

"ఏంటయ్యా ఇది? తాగే నీళ్లలో చెయ్యి పెడతావేంటి?" అన్నాడు బంగార్రాజు గారు.

"అది... అది మా పాపదండీ..."

"ఏది?"

బాబాయ్ జగ్గు వైపు వేలు చూపించాడు. పక్కనున్న ఆయన, "దాహమేస్తందేమో, ఓ గ్లాసు పొయ్యండి పాపం" అన్నాడు. నవ్వులు. ఒకాయన నిజంగానే గ్లాసు నింపి చేతిలో పెట్టాడు. ఏసోబు ఏం చేశాడో తెలుసా? "అలాగేనండీ" అన్నాడు. ఆ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చి, తాగలేక, పారబోయలేక, పెట్టె పక్కన పెట్టాడు.

అంతలోనే జడ్జీలు వచ్చేశారు. శాలిని గదికి వచ్చేసరికి స్టాండు మీద వంకర తీగ తప్ప ఏమీ లేదు.

"ఏదమ్మా నీ గ్రహం?"

"కరిగిపోయిందండీ."

"మంచు గ్రహం తెచ్చి కరిగించేసుకుంటే ఎలా? మీ నాన్న ఐసు ఫ్యాక్టరీలోనే కదా పని? ఎలా దాచాలో చెప్పలేదా?"

"చెప్పారండీ. నేనే వినలేదండీ."

కిటికీ ఊచలు పట్టుకుని నేను విన్నాను. బాబాయ్ గుమ్మం పక్కనే గోడకి ఆనుకుని విన్నాడు. ఒక్క అడుగు లోపలికి వేసి, నేనే పగలగొట్టానండీ అంటే చాలు. ఆయన వెయ్యలేదు. శాలిని చార్టు చూపించి, ఆ చిన్నదాని వల్ల పెద్దదాని బరువు ఎలా తెలిసిందో తడుముకోకుండా చెప్పింది. జడ్జీలు బాగా చెప్పావమ్మా అన్నారు, కానీ వస్తువు లేదు కదా అని పక్క గదికి వెళ్లిపోయారు. గాలిమరకి మొదటి బహుమతి వచ్చింది.

ఆ తరవాతి ఆదివారం ఏసోబు చర్చిలో చివరి బల్ల మీద కూడా కూర్చోలేదు. బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు. పాస్టరు గారు లోపలికి రమ్మంటే ఒళ్లంతా చేపల వాసనండీ అన్నాడు. అబద్ధం. స్నానం చేసి వచ్చాడు. ఇంట్లో హన్నమ్మ పిన్ని తిట్టడం ఆపేసింది. ఆయనకి అది ఇంకా కష్టమైంది. అన్నిటికన్నా కష్టమైంది మాత్రం శాలిని మర్యాద. పుట్టినప్పటి నుంచీ, నాన్నా రా, నాన్నా తియ్యి, నాన్నా నీకు తెలీదు అనే పిల్ల, మీరు అనడం మొదలుపెట్టింది. "అన్నం పెట్టమంటారా నాన్నగారూ?" అని దడి అవతల వినపడితే, ఇవతల నాకే అన్నం దిగేది కాదు. ఆయన పెట్టమ్మా అనేవాడు. తరవాత కంచం చప్పుడు కూడా వినపడేది కాదు.

ఒక సాయంత్రం సిల్వియా టీచరు గారు వాళ్లింటికి వచ్చారు. బాబాయ్ కుర్చీ తుడిచి వేసి, తను గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఏలూరు వాళ్లతో మాట్లాడానండీ" అన్నారు టీచరు. "పోటీలో లెక్కపెట్టరంట. కానీ ఓ మూల బల్ల ఇస్తారు, చూపించుకోవచ్చు. నేను పట్టుబట్టాను."

"లెక్కపెట్టకపోతే మాత్రం ఏవండీ, వెళ్తాను" అంది శాలిని.

వెళ్తూ వెళ్తూ టీచరు గుమ్మం దగ్గర ఆగారు. "ఏసోబు గారూ, ఆ రోజు నేను షామియానాలోనే ఉన్నానండీ. మీరు కాదనలేరని నాకు తెలుసు. బాధపడకండి."

మంచి మాటే. మంచి మనసుతోనే అన్నది. కానీ ఆ గారు అన్న పిలుపుకీ, కాదనలేరు అన్న మాటకీ బాబాయ్ మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక, ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా తల వంచుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆవిడ వెళ్లాక శాలిని దడి దగ్గరికి వచ్చింది.

"తోమా అన్నయ్యా, కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో నీకు తెలిసినవాళ్లున్నారు కదా. నాకు ఐసు చేయించిపెడతావా?"

నాకు మెత్తగా మాట్లాడటం చేతకాదు. డిగ్రీ మధ్యలో మానేసినా మొహం మీద అనేయడం మాత్రం మానలేదు. "కైకలూరు దాకా ఎందుకు? మీ నాన్న చచ్చిపోయాడా?" అన్నాను.

"అలా అనకు అన్నయ్యా."

"మరి ఆయన్నే అడుగు."

శాలిని దడిలోంచి ఒక ఈనె లాగింది. "ఆయన బాగా చేస్తారు. ఆయనకన్నా బాగా ఎవరూ చెయ్యరు. కానీ అక్కడ ఎవరైనా ఐసు కొట్టమంటే మళ్లీ కొట్టేస్తారు. నేను మళ్లీ కరిగిపోయిందని చెప్పాలి. ఒకసారి చెప్పాను. రెండోసారి నా వల్ల కాదు. నిజం చెప్పేస్తాను. అందరూ ఆయన మొహం చూస్తారు. అది నాకిష్టం లేదు."

ఆ పిల్ల వెనక, పెరట్లో బట్టలు ఉతికే రాయి మీద ఏసోబు కూర్చుని ఉన్నాడు. శాలినికి తెలియదు. నేను చూశాను. ఆయన తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న నేను ఆటో కడుగుతుంటే వచ్చాడు. చేతులు తుండుగుడ్డ కింద లేవు. కొత్తగా ఎర్రబారి, వేళ్ల చివర్లు ఊడిన తోలుతో ఉన్నాయి.

"మూకుళ్లు దించాను" అన్నాడు. "మొదటిసారే బాగా వచ్చింది. పాపకి నువ్వే చెప్పు. నా మొహం చూసి చెప్పలేను."

"మీరు కూడా ఏలూరు రండి. అక్కడికి బంగార్రాజు గారు రారు కదా."

"బంగార్రాజు గారు కాకపోతే ఇంకొకాయన ఉంటాడ్రా. ఆఫీసర్లుంటారు. కుర్చీలో కూర్చునేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు."

"రానంటారా అయితే?"

"రాకుండా ఎలా? దారిలో ఊక సర్దాలి, నీళ్లు కారితే గోనె మార్చాలి. నీకు తెలీదు."

"మరి ఎవరైనా అడిగితే లేదండీ అనండి. ఒక్క మాట. నోరు పడిపోదు."

"రాత్రంతా ట్యాంకు దగ్గర అదే అనుకుంటా కూర్చున్నాను. లేదండీ, లేదండీ అని. మధ్యలో రాత్రి డ్యూటీ గుమాస్తా వచ్చి ఏసోబూ అన్నాడు. అలాగేనండీ అని లేచిపోయాను. ఎందుకు పిలిచాడో కూడా వినలేదు." నవ్వబోయాడు, రాలేదు. "మా పాప నిన్ను అడిగింది నేను విన్నాను తోమా. ఎందుకు అడిగిందో కూడా విన్నాను."

నేను బకెట్టు పక్కన పెట్టాను. ఆయన తన చేతులు రెండూ నా ముందుకి చాపాడు. అంత దగ్గరగా ఎవరికీ చూపించి ఉండడు.

"నీకు పెద్దా చిన్నా లేదని అందరూ తిడతారు. అందుకే నిన్నడుగుతున్నా. పాప బల్ల మీదికి అది చేరేదాకా నా పక్కనే ఉండు. ఎవరన్నా పిలిచినప్పుడు నేను లేచానంటే, ఈ రెండూ పట్టుకో. పెద్దోళ్లున్నా, పాప చూస్తన్నా సరే, గట్టిగా పట్టుకో. వదలరా అని నేనే నిన్ను తిట్టినా వదలకు."